అవ్వ ఊరికి వెళ్ళలేదని పాపకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది కర్నూలు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో టీచర్‌ని. మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తారు. శుక్రవారం రాత్రి వచ్చి, సోమవారం తెల్లవారుజామున రైలుకు వెళ్ళిపోతారు. మా పాపకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. నన్ను పెంచింది మా అవ్వ, అంటే మా అమ్మ తల్లి. పాప కూడా ఆరో నెల నుంచి పగలంతా కర్నూలు పాతబస్తీలో అవ్వ దగ్గరే ఉండేది. గత కార్తీకంలో అవ్వ చనిపోయింది. ఎనభై దాటాయి, పెద్దగా మంచాన పడకుండానే పోయింది. అందరూ అదృష్టవంతురాలు అన్నారు. నాకు మాత్రం ఇంకా మింగుడుపడటం లేదు.

పాప రోజూ "అవ్వ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతుంది. ఊరికి వెళ్ళిందని నేను చెప్పాను. మా అత్తమ్మ దేవుడి దగ్గరకు వెళ్ళిందన్నారు. పక్కింటావిడ నిద్రపోయిందని చెప్పింది. ఇప్పుడు వాళ్ళ నాన్న సంచి తీస్తే చాలు పాప గుక్కపట్టి ఏడుస్తోంది. రాత్రి పడుకోబెడితే లేచి కూర్చుంటోంది. గుడికి తీసుకెళ్తే హారతి చూడకుండా గర్భగుడి వెనకవైపు వెతుకుతోంది. సాయంత్రం ఎవరింట్లోనైనా రొట్టె తడుతున్న చప్పుడు వినిపిస్తే "అవ్వ" అంటూ గుమ్మం వైపు పరుగెత్తుతుంది. మొన్న బొమ్మను పడుకోబెట్టి, గుడ్డ కప్పి, మీద బంతిపూలు వేసి ఆడుకుంటుంటే అత్తమ్మ అపశకునమని కోప్పడ్డారు.

అవ్వ పాత ఫోటోలన్నీ 2009 వరదలో పోయాయి. ఫోనులో ఉన్నవన్నీ పాప ఫోటోలే, వాటిలో అవ్వ ఏ చెయ్యో, చీర చెంగో కనిపిస్తుంది, అంతే. చివరికి ఆధార్ కార్డులోని ఫోటోను పెద్దది చేయించి దండ వేశాం. పాప దాన్ని చూసి "ఈ అవ్వ కాదు" అంది. ఆ మాటకు రాత్రంతా ఏడ్చాను. పాప అవ్వను మరిచిపోతుందా? అవ్వ నాకు ఎన్ని సంగతులు చెప్పేది! కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఊళ్ళో డేరాలు వేసి ఆఫీసులు నడిపారట. గాలి వీస్తే కాగితాలు ఎగిరిపోతుండేవి, అవ్వా వాళ్ళూ ఏరి తెచ్చి ఇచ్చేవారు, ఒక గుమాస్తా ఎర్ర సిరా అంటిన చేత్తోనే బొరుగులు పెట్టేవాడు. ఇవన్నీ పాపకు ఎవరు చెబుతారు? రెండు నెలల్లో సంవత్సరీకం. పాపను తీసుకురావద్దని అత్తమ్మ, తీసుకెళ్ళాలని నేను. ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు సోమవారం తెల్లవారుజాము సంగతి చూద్దాం. మీ పాపను ఇప్పటికిప్పుడు ఎక్కువగా బాధపెడుతున్నది అదే.

పాప లెక్కలో ఏ పొరపాటూ లేదు. అవ్వ ఊరికి వెళ్ళింది, రాలేదు. నాన్న కూడా ఊరికే వెళ్తున్నాడు. అలాంటప్పుడు ఆ సంచిని చూసి ఏడవకుండా ఎలా ఉంటుంది? నిద్రపోయిన అవ్వ లేవలేదు కాబట్టి తను పడుకోకపోవడమే మంచిదనుకుంది. దేవుడు ఉండేది గుడిలో కాబట్టి గుడి అంతా గాలించింది. పెద్దవాళ్ళు ముగ్గురూ తలా ఒక చిరునామా ఇచ్చారు, పిల్ల మూడు చోట్లా వెతుకుతోంది. మీరెవరూ చెడు ఉద్దేశంతో అనలేదు. తెలుగిళ్ళలో చిన్నపిల్లల ముందు చావు మాట ఎత్తకూడదన్న పట్టింపు ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ పట్టింపు పెద్దవాళ్ళ నోటికి సౌకర్యం, పిల్లల బుర్రకు కాదు.

కాబట్టి ఉన్నమాట చెప్పండి. "అవ్వ చనిపోయింది. అవ్వ చాలా చాలా ముసలిది అయింది, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇప్పుడు అవ్వ అన్నం తినదు, నడవదు, నొప్పి కూడా ఉండదు. ఇక రాదు. నాకు ఏడుపొస్తోంది, నీకూ వస్తే నా దగ్గరకు రా." ఇంతకంటే పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "చాలా చాలా" అని రెండుసార్లు అనడం మరిచిపోకండి. వాళ్ళ జేజికి, అంటే మీ అత్తగారికి, తల నెరిసినా, మీకు జలుబు చేసినా ఇదే జరుగుతుందని పాప అనుకోకూడదు. దేవుడి మాట మీ ఇంటి నమ్మకం, దాన్ని మానుకోమని నేను అనను. కాకపోతే "చనిపోయింది" అన్న తరువాత ఆ మాట రావాలి, దానికి బదులుగా కాదు.

ఒకసారి చెప్పాం కదా అని ఊరుకుంటే కుదరదు. రేపు పొద్దున పళ్ళు తోముతుంటే మళ్ళీ అడుగుతుంది, "అవ్వ ఎప్పుడొస్తుంది?" మీరు చెప్పింది వినక కాదు. హంగేరీలో ఒక మనస్తత్వవేత్త పిల్లలతో మాట్లాడి, 1948లో ప్రచురించిన అధ్యయనంలో ఐదేళ్ళలోపు పిల్లలు చావును ప్రయాణంగానో నిద్రగానో ఊహించుకుంటారని రాశారు. పోయినవాళ్ళు తిరిగి రారన్నది, ఒళ్ళు ఇక పనిచేయదన్నది, ఇది అందరికీ తప్పదన్నది పిల్లలకు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య పట్టుబడతాయి. మీ పాప అక్కడికి చేరడానికి ఇంకా టైముంది. అందాకా అడిగినప్పుడల్లా అవే మాటలు, అదే వరుసలో చెప్పండి. రోజుకొక రకంగా మారిస్తే పిల్ల మళ్ళీ వెతుకులాట మొదలుపెడుతుంది. ఏదో ఒక రోజు "నువ్వు కూడా చనిపోతావా?" అని అడుగుతుంది. అప్పుడు ఉలిక్కిపడకండి, నోరు మూయించకండి. "నేను చాలా ఏళ్ళు నీ దగ్గరే ఉంటాను" అనండి. ఆ ప్రశ్న వెనక ఉన్నది వేదాంతం కాదు, రేపు తనకు అన్నం ఎవరు పెడతారన్న బెంగ.

మీవారు వెళ్ళేటప్పుడు మాత్రం "ఊరికి" అనకుండా పనికి అనమనండి. "నాన్న ఆఫీసు పనికి వెళ్తున్నాడు, శుక్రవారం రాత్రి వస్తాడు" అని ఆయన నోటితోనే చెప్పించండి. ఏడుస్తుందని పాప నిద్రలో ఉండగా దొంగచాటుగా వెళ్ళిపోవడం ఇప్పుడు అస్సలు పనికిరాదు. తెల్లవారుజామున లేపాల్సి వచ్చినా సరే, చెప్పి వెళ్ళాలి. హైదరాబాద్ చేరాక ఒక ఫోను, వచ్చే రోజు సాయంత్రం ఒక ఫోను. చెప్పినవాడు చెప్పిన రోజుకు వస్తాడని కొన్ని వారాలు గడిచాక పిల్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక బొమ్మ మీద బంతిపూలు. అందులో అపశకునం లేదు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో పాప కళ్ళారా చూసింది, ఎవరూ విడమరిచి చెప్పలేదు, తనకు తెలిసిన పద్ధతిలో తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఆ వయసు పిల్లలు డాక్టరు ఆట, పెళ్ళి ఆట ఆడేదీ ఇందుకే. పక్కన కూర్చుని "బొమ్మకు ఏమైంది?" అని అడిగి చూడండి. అది చెప్పే జవాబును బట్టి దాని మనసులో ఏముందో మీకు తెలుస్తుంది, సరిచేయాల్సింది ఉంటే అక్కడే సరిచేయవచ్చు.

మీ అత్తగారి గురించి ఒక మాట. మీ ఉత్తరంలో ఆవిడ వద్దన్నవి, కోప్పడినవి మాత్రమే ఉన్నాయి. కానీ కార్తీకం నుంచి పగలంతా పాపను చూసుకుంటున్నది ఆవిడేనని అర్థమవుతూనే ఉంది. తన ఒళ్ళో కూర్చున్న మనవరాలు రోజంతా ఇంకో పెద్దావిడ కోసం ఏడుస్తుంటే ఏ జేజికైనా ఎలా ఉంటుంది? పైకి శకునం అంటారు గానీ, లోపల ఉన్నది చిన్నబుచ్చుకోవడం కావచ్చు. నేను చూసినంతలో ఇలాంటి గొడవల్లో వాదించి గెలిచిన కోడలు లేదు. ఆవిడను ఒక పని అడగండి. ఆ పని రొట్టె.

పాప రొట్టె చప్పుడు వినగానే పరుగెత్తుతుందని రాశారు కదా, మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపింది ఆ వాక్యమే. పాప దగ్గర అవ్వ ముఖం కంటే ముందు అవ్వ చేతుల చప్పుడు ఉంది. ఆ చప్పుడు మీ ఇంట్లో లేదు కాబట్టి పక్కింటికి పోతోంది. దాన్ని మీ వంటింట్లోకి తెచ్చుకోండి. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే సాగే గుణం లేదు. బాగా మరిగిన నీళ్ళు పోసి కలిపితేనే ముద్ద నిలుస్తుంది, పాతబడిన పిండి అయితే ఎంత కలిపినా అంచులు పగిలిపోతాయి. వేడి తగ్గగానే అరచేత్తో బాగా మెదపాలి. పీట మీద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ, రెండో చేత్తో అంచు పగలకుండా కాస్తూ, రొట్టెను తిప్పుతూ పోవాలి. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన అద్ది, ఆ తడి ఆరగానే తిరగెయ్యాలి. చదవడానికి ఇది సులువే, మీరు తట్టే మొదటి రొట్టె రాష్ట్రం మ్యాపులా వస్తుంది. అందుకే మీ అత్తగారిని నేర్పమనండి. పాపను పక్కన కూర్చోబెట్టి పెసరగింజంత కాదు, నిమ్మకాయంత ముద్ద ఇవ్వండి. అది తడుతుంది, నేలకు పూస్తుంది, కొంచెం తింటుంది. రొట్టె తడుతూ మీ అత్తగారు వాళ్ళమ్మ గురించి చెప్పడం మొదలుపెడితే ఆపకండి. ఆవిడకూ ఒక అవ్వ ఉండే ఉంటుంది.

ఇప్పుడు మీరు భయపడుతున్న ప్రశ్న. మరిచిపోతుందా? ముఖాన్ని, గొంతును, ఒడిలో కూర్చున్న రోజులను పాప తనంతట తాను గుర్తుంచుకునే అవకాశం తక్కువ. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకం చాలామందిలో మూడు, మూడున్నరేళ్ళ దగ్గర మొదలవుతుంది. ఇది మీ పెంపకంలో లోపం కాదు, అవ్వ ప్రేమలో లోపం అసలే కాదు.

అయితే ఈ విషయంలో అన్ని ఇళ్ళూ ఒకలా లేవు. న్యూజిలాండ్‌లో పెద్దవాళ్ళను వారి తొలి జ్ఞాపకం గురించి అడిగి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఐరోపా సంతతివారి తొలి జ్ఞాపకం సగటున మూడున్నరేళ్ళు దాటిన వయసుది. అక్కడి ఆదివాసులైన మావోరీలది రెండేళ్ళ ఎనిమిది నెలల దగ్గరిది. సరిగ్గా మీ పాప వయసు. మావోరీల ఇళ్ళలో పూర్వీకుల గురించి, జరిగిపోయిన సంగతుల గురించి పిల్లల ముందు తరచూ మాట్లాడుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. తల్లులు జరిగినదాన్ని వివరంగా, పిల్లలను కలుపుకుని మాట్లాడే ఇళ్ళలో పిల్లలు తమ గతాన్ని మెరుగ్గా చెప్పగలుగుతారని వేరే అధ్యయనాల్లోనూ తేలింది.

మాట్లాడటమంటే పరీక్ష పెట్టడం కాదు. మీరు టీచరు కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను. "అవ్వ గుర్తుందా? ఏం పెట్టేది? చెప్పు, చెప్పు" అని అడిగితే పిల్ల తల ఊపి పారిపోతుంది. "అవ్వ రొట్టె చేస్తుంటే నువ్వు పీట పక్కనే కూర్చునేదానివి. పిండి ముక్కుకు పూసుకునేదానివి. అవ్వ నవ్వేది. ఆ తరువాత నువ్వేం చేసేదానివి?" అని సగం మీరు చెప్పి, సగం దానికి వదలండి. అది చెప్పింది తప్పైనా ఫరవాలేదు, రెండేళ్ళ పిల్ల సాక్ష్యం కోర్టుకు వెళ్ళేది కాదు.

ఇంకో సంగతి. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది 1953 అక్టోబరు 1న. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు వెళ్ళిపోయింది. మీరు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ డేరాలు పీకేశారు. అయినా ఎగిరిపోతున్న కాగితాల గురించి, గుమాస్తా చేతికి అంటిన సిరా రంగుతో సహా నాకు రాశారు. మీరు చూడలేదు, విన్నారు. ఒకసారి విని వదిలేసి ఉంటే ఆ ఎరుపు ఇంత గట్టిగా అంటుకునేది కాదు, అవ్వ వందసార్లు చెప్పి ఉంటారు. "ఇవన్నీ పాపకు ఎవరు చెబుతారు?" అని అడిగారు. మీరే చెబుతారు, ఇంకెవరు? డేరాల కథకు ఇంకా నాలుగైదేళ్ళు ఆగవచ్చు. ఈలోగా మీకు గుర్తున్నవి గుర్తున్నట్టే ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మీ అమ్మగారిని, మేనమామలను కూర్చోబెట్టి అడగండి, ఫోనులో రికార్డు చేయండి. ఒకే సంగతిని ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు, కొట్టుకుంటారు కూడా. మూడూ రాసుకోండి.

ఫోటో విషయంలో నేను మీ పాప పక్షం. ఆధార్ ఫోటోలో ఎవరూ తమలా ఉండరు. కెమెరా వైపు బిగుసుకుపోయి చూస్తున్న ఆ పెద్దావిడను పాప ఎన్నడూ చూడలేదు, కాదన్నది కాబట్టి దాని జ్ఞాపకం బాగానే ఉందన్నమాట. మీరు పనికిరావని పక్కన పెట్టిన ఫోనులోని ఫోటోలు తీయండి. పాప నడుం పట్టుకున్న చెయ్యి, ముద్ద కలుపుతున్న వేళ్ళు, వెనక కనిపించే చీర చెంగు. పాపకు తెలిసిన అవ్వ అదే కోణంలో ఉంటుంది, ఎందుకంటే అది ఎప్పుడూ ఆవిడ ఒళ్ళోనే కదా ఉన్నది. నాలుగు ప్రింటు తీయించి దాని చేతికి అందే ఎత్తులో పెట్టండి, దండ వేయకుండా. నిండు ముఖం కావాలంటే 2009 తరువాత బంధువుల ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళ ఆల్బములు, వీడియోలు అడిగి చూడండి. వడ్డన జరిగేచోట, వధూవరుల వెనక వరుసలో, పందిట్లో కుర్చీలో ఎక్కడో ఒకచోట దొరుకుతారు. వరద పాతబస్తీని ముంచింది గానీ, మీ చుట్టాలందరి బీరువాలనూ ముంచలేదు. అంతకు ముందువి కూడా వేరే ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉండవచ్చు.

వాట్సాప్‌లో అవ్వ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈ ఆదివారమే వేరేచోట కూడా కాపీ చేసి పెట్టుకోండి, ఫోను పాడైతే అవీ పోతాయి. పాపకు వినిపించే ముందు మీరొక్కరే వినండి. వీడియో కాల్స్‌కు అలవాటు పడిన పిల్ల కాబట్టి అవ్వ ఫోనులో ఉందనుకుని "మాట్లాడు" అంటుంది. "ఇది అవ్వ ఉన్నప్పుడు మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడలేదు, మనం వినవచ్చు" అని ముందే చెప్పండి. ఏడిస్తే ఆపేయండి, మరో ఏడాది తరువాత చూడవచ్చు.

మీ గురించి మీరు రాసుకున్నది రెండే వాక్యాలు. ఎనభై దాటినవాళ్ళు పోతే ఏడవడానికి కూడా జనం ఎక్కువ రోజులు ఇవ్వరు. కానీ మీకు పోయింది తల్లిలాంటి మనిషి, అదీ కాక పాపను నిశ్చింతగా వదిలి పనికి వెళ్ళే ఇల్లు. పాప ముందు కళ్ళు తడి అయితే దాచుకోనక్కర్లేదు. "అవ్వ గుర్తొచ్చి ఏడుపొచ్చింది, కాసేపటికి తగ్గుతుంది" అని చెబితే చాలు. దాచిన ఏడుపును పిల్లలు పసిగడతారు, కారణం తెలియక తమ మీద వేసుకుంటారు. అయితే వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతిన్నా, పాప పనులు చేయబుద్ధి కాకపోయినా, బతకడం దండగ అనిపించినా ఓర్చుకుంటూ కూర్చోకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యులు ఉన్నారు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పాప విషయానికొస్తే, అతుక్కుపోవడం, మళ్ళీ పక్క తడపడం లాంటివి కొన్నాళ్ళు ఉంటే కంగారు లేదు. తిండి బాగా తగ్గినా, వచ్చిన మాటలు పోతున్నా, మీరు ఉన్నమాట చెప్పడం మొదలుపెట్టి నెల దాటినా నిద్ర కుదరకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.

సంవత్సరీకానికి పాపను తీసుకెళ్ళండి. మీ అత్తగారి భయం పాప జడుసుకుంటుందని కావచ్చు. దానికి జవాబు ఇంట్లో వదిలి వెళ్ళడం కాదు, ముందురోజే చెప్పి తీసుకెళ్ళడం. "రేపు అందరం కలుస్తాం. అవ్వను తలుచుకుని పూజ చేస్తాం. కొందరు ఏడుస్తారు. అవ్వ రాదు." ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి, లేకపోతే ఇంత హడావిడి చూసి వస్తుందనుకుంటుంది. ఫోటోకు మొక్కమని మెడ వంచకండి. కాకికి ఎందుకు పెడుతున్నారని అడిగితే మీ ఇంట్లో ఏమని నమ్ముతారో అదే చెప్పండి. వంటల్లో ఒక జొన్నరొట్టె ఉండేలా చూడండి. పురోహితుడు ఏమంటారో గానీ, ఆవిడకు ఏం ఇష్టమో మీకు తెలిసినంత ఆయనకు తెలియదు. ఆ రోజు పాపను చూసుకునే పని ముందే ఒకరికి అప్పగించండి, మీ అత్తగారు ఒప్పుకుంటే ఆవిడకే. మీరు అటు కర్మ దగ్గరా, ఇటు పిల్ల వెనకా పరుగెత్తితే రెండూ సరిగ్గా జరగవు. పాప విసిగిపోయి గోల మొదలుపెడితే బయటికి తీసుకెళ్ళి ఆడించమనండి, నిద్రవేళ అయితే ఇంటికి పంపించేయండి.